ముందర పెట్టింది తినాల్సిందేనా?

కసామా మాస్టారు:
అందరికీ ప్రభువు పేరట వందనాలు. జాంబియా ఉత్తర రాష్ట్రంలో, కసామా దగ్గరి ఒక మిషన్ బడిలో మూడేళ్ళుగా పనిచేస్తున్నాను. పోయిన నెల, మన వైపు నుంచి కొత్తగా వచ్చిన తమ్ముడిని వెంటబెట్టుకుని ఒక పెద్దావిడ ఇంటికి వెళ్ళాను. ఆమె మోకాళ్ళ మీద కూర్చుని మా చేతుల మీద నీళ్ళు పోసింది. ఉబ్వాలి పెట్టింది. తెల్ల మొక్కజొన్న పిండిని గట్టిగా కెలికి చేసే సంకటి అది. పక్కన ఉల్లిపాయ, టమాటాతో వేయించిన గొంగళిపురుగులు. వానలు మొదలయ్యాక చెట్ల మీద నుంచి ఏరి, పేగులు పిండేసి, ఉడికించి ఎండబెడతారు. తమ్ముడు క్షమించమని చెప్పి సంచిలో నుంచి పులిహోర డబ్బా తీశాడు. ఆమె ఒక్క మాటా అనలేదు. పళ్ళెం మీద మూత పెట్టి లోపలికి తీసుకుపోయింది.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. చేర్చుకున్న ఇంట్లో ముందర పెట్టింది తినమని యేసు శిష్యులకు చెప్పిన మాట లూకా పదో అధ్యాయంలో ఉంది. పళ్ళెం తోసేసినవాడు ఆ ఇంట్లో ఇక ఏ సువార్త చెబుతాడు? తినాల్సిందేనని నా అభిప్రాయం. మీరేమంటారు?

నెల్లూరు నర్సు:
అన్నా, తీర్పు తొందరగా చెప్పారు. రొయ్యలు పడనివారికి పురుగులూ పడకపోవచ్చు. దద్దుర్లతో మొదలై ఊపిరి ఆడని స్థితికి రావచ్చు. అక్కడి నుంచి ఆస్పత్రి ఎంత దూరం? అతన్ని అడిగారా? అన్నీ తినేవాడు తిననివాణ్ణి చిన్నచూపు చూడకూడదని రోమా పత్రిక పద్నాలుగో అధ్యాయంలో పౌలు రాశాడు. అదీ లేఖనమే.

తొలకరి:
మా అమ్మమ్మ తొలి వానలకు దీపం కింద నీళ్ళ పళ్ళెం పెట్టి ఉసిళ్ళు పట్టేది. వేయించి బొరుగుల్లో కలిపి మాకు పెట్టేది. పట్నం బడిలో చేరాక ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు. ఒక స్నేహితురాలు ముఖం చిట్లించింది, అంతే. ముప్పై ఏళ్ళయినా ఆ ముఖం గుర్తుంది. అలాంటి ముఖంతో సముద్రం దాటి వెళ్ళకూడదు.

కుంపటి:
నేను ఆరేళ్ళు జాంబియా రాజధాని లుసాకాలో ఉన్నాను. మీరంతా రెండు సంగతులను కలిపేస్తున్నారు. మన ఇంట్లో వండుకోవడం వేరు, అతిథిగా వెళ్ళడం వేరు. మొదటి ఏడాది ఇంటి నుంచి తెచ్చుకున్న కారం, చింతపండు చెంచాలతో లెక్కపెట్టుకుంటూ గడిపాను. ఒకరోజు బజారులో లుమాండా అనే ఆకు కొని, అక్కడివారిలాగే పల్లీల పొడి వేసి వండాను. నోట్లో పెట్టుకోగానే కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అది మన గోంగూరే! 2024 కరవులో, ఫిబ్రవరి 29న అధ్యక్షుడు హిచిలెమా జాతీయ విపత్తు ప్రకటించిన ఏడాది, దేశానికి కరెంటు ఇచ్చే కరీబా జలాశయం అడుగంటి గంటల తరబడి కరెంటు ఉండేది కాదు. బొగ్గుల కుంపటి మీదే పప్పు ఉడికించుకున్నాను. అలా వండుకు తిన్నందుకు నాకు ఏ సిగ్గూ లేదు.

కానీ ఆ ఎండు పురుగుల విలువ మీకు తెలుసా? వాటిని బజారులో అమ్మితే ఉప్పుకు, సబ్బుకు, పిల్లల చదువుకు డబ్బు వస్తుంది. అతిథికి పెట్టిందంటే ఆ డబ్బు వదులుకుందన్నమాట. అందుకే తినాలి, అందుకే కొంచెమే తినాలి. జనవరి, ఫిబ్రవరి నెలల్లో పాత గింజలు అయిపోతాయి, కొత్త పంట చేతికి రాదు. ఆ రోజుల్లో భోజనం వేళకు నేను ఎవరింటికీ వెళ్ళేదాన్ని కాదు. తప్పనిసరైతే ముందురోజే పిండి పంపేదాన్ని.

తొలకరి:
అక్కా, పిండి పంపితే ఆమె పెట్టే చేయి కాకుండా పుచ్చుకునే చేయి అయిపోదా? పేద ఇంటికీ పెట్టుకునే గౌరవం ఉండాలి కదా.

కుంపటి:
ఆకలి నెలల్లో ఆ గౌరవం పిల్లల గిన్నెలో నుంచి వస్తుంది, తల్లీ. నేను చూశాను. ఈ విషయంలో నా మాట మార్చుకోను.

కసామా మాస్టారు:
నర్సమ్మా, మీరన్నది నిజం, నేను అడగనే లేదు. ఇప్పుడు అడిగాను. పడకపోవడం కాదు, చూస్తేనే కడుపులో తిప్పుతుందని చెప్పాడు. అతని మీద కోపం పోయింది. తినాలన్న నా మాట మాత్రం పోలేదు.

నిన్న మళ్ళీ వెళ్ళాం. పురుగులు తినలేనని ఆ తమ్ముడే అక్కడి బెంబా భాషలో వచ్చీరాని మాటలతో ఆమెకు చెప్పాడు. ఉబ్వాలి, గుమ్మడాకు కూర తిన్నాడు. ముద్దలో బొటనవేలితో గుంట చేసి కూర ఎలా అద్దుకోవాలో ఆమె అతని చేయి పట్టుకుని నేర్పింది. పులిహోర కూడా తెచ్చాడు, ఈసారి అందరికీ సరిపడా. చింతపండు పులుపుకు పిల్లలు ముఖం చిట్లించి పక్కన పెట్టేశారు. ఆమె తన వంతు మొత్తం తిని, డబ్బా కడిగి ఇచ్చింది.