పాత 407 ఉదయంపూట స్టార్ట్ కావడం లేదు: ఫీడ్ పంపు మార్చాలా?

తెనాలి_407:
నాది 1998 మోడల్ టాటా 407 డీజిల్ మినీ లారీ. రాత్రి నిలిపి ఉంచితే, ఉదయం హ్యాండ్ ప్రైమర్‌ను (చేత్తో డీజిల్ ఎక్కించే చిన్న పంపును) ముప్పై నలభై సార్లు కొట్టి డీజిల్ లైనులోని ఎయిర్ తీస్తే తప్ప బండి అందుకోవడం లేదు. ఫిల్టర్లు రెండూ కొత్తవే. ట్యాంకు నుంచి డీజిల్ లాగే ఫీడ్ పంపు మార్చాలా, నాజిళ్లకు డీజిల్ కొట్టే పెద్ద పంపును కాలిబ్రేషన్‌కు (సరిచూసి అమర్చడానికి) ఇవ్వాలా, ఇంజన్‌లోకి డీజిల్ చిమ్మే అసలైన నాజిళ్లు ఎక్కడ దొరుకుతాయో దయచేసి తెలుపగలరు.

సుమో_నల్గొండ:
పెద్ద పంపు జోలికి వెళ్లకండి. ఇదే లక్షణానికి నేను మెకానిక్ మాట నమ్మి, ఆ పంపు లోపలి ఎలిమెంట్లూ డెలివరీ వాల్వులూ మార్పించి పద్దెనిమిది వేలు పోసిన తరువాత, దోషం ఫిల్టర్‌కు డీజిల్ పైపును బిగించే బాంజో బోల్టు కింద వేసిన పాత రాగి వాషర్‌లో ఉన్నదని తేలింది. ఒకసారి నలిగిన వాషర్‌ను మళ్లీ వేసినవారిని నేను ఈనాటికీ క్షమించలేదు.

ఆటోనగర్_పంపులు:
విజయవాడ ఆటోనగర్‌లో ఇరవై రెండేళ్లుగా డీజిల్ పంపులను పరీక్షించే టెస్ట్ బెంచి మీద పని చేస్తున్నాను. ట్యాంకు నుంచి ఫీడ్ పంపు వరకు ఉన్న పైపులో డీజిల్‌ను లాగే పీల్పు ఉంటుంది కనుక, అక్కడ సన్నని పగులు ఉంటే డీజిల్ బయటకు కారదు, గాలే లోపలికి పోతుంది. ఫీడ్ పంపుకు ముందు ఒక అడుగు పారదర్శకమైన పైపు వేసి బుడగలు వస్తున్నాయేమో చూడండి. బుడగలు లేకపోతే ఫీడ్ పంపు వాల్వులను అనుమానించండి. అవి అరిగితే డీజిల్ రాత్రికి రాత్రి ట్యాంకులోకి జారిపోతుంది. ఇప్పటి డీజిల్‌లో జారుడు తక్కువ కనుక లీటరుకు 5 మి.లీ. 2టీ ఆయిల్ (టూ-స్ట్రోక్ బండ్ల పెట్రోలులో కలిపే ఆయిల్) కూడా కలపండి.

ఇండికా_కర్నూలు:
2టీ ఆయిల్ సలహాను ఖండిస్తున్నాను. 2020 ఏప్రిల్ నుంచి వస్తున్న బీఎస్-6 డీజిల్‌లో గంధకం 10 పీపీఎంకు తగ్గిన మాట నిజమే కానీ, ఆ లోటును పూడ్చే రసాయనాన్ని బంకుకు చేరకముందే కలుపుతారు. ప్రమాణం ప్రకారం, డీజిల్ జారుడును కొలిచే పరీక్షలో లోహం మీద పడే అరుగుదల మచ్చ 460 మైక్రాన్లు దాటకూడదు. నా ఇండికా ఏ ఆయిలూ లేకుండానే నడుస్తున్నది.

ఆటోనగర్_పంపులు:
మీరు కాగితం మీది అంకెలు చెబుతున్నారు. గీతలు పడిన ప్లంజర్లను (పంపు లోపల డీజిల్‌ను నెట్టే కడ్డీలను) నేను వారానికి నాలుగైదు చూస్తున్నాను.

ఇండికా_కర్నూలు:
ఆ గీతలు కిరోసిన్ కల్తీ వల్లనో నీటి వల్లనో పడినవి కావని ఎలా తేల్చారు? ఇరవై రెండేళ్ల అనుభవం ఈ ప్రశ్నకు జవాబు కాదు.

రైతు_సిద్దిపేట:
మీరిద్దరూ వేరువేరు పంపుల గురించి వాదిస్తున్నారు. 407లోని ఇన్‌లైన్ పంపులో ప్లంజర్లను కదిపే కామ్ షాఫ్టుకు ఆయిల్ వేరుగా ఉంటుంది. ఇండికా రోటరీ పంపులో లోపలి భాగాలన్నిటికీ డీజిలే ఆయిల్. అసలు శత్రువు నీరు. సగం ఖాళీ డ్రమ్ములో నిల్వ చేసిన డీజిల్ వాడినందుకు నా ట్రాక్టరు నాజిళ్లు తుప్పు పట్టాయి. అందుకే ఇప్పుడు వారానికోసారి ఫిల్టర్ అడుగు బోల్టు వదులు చేసి, నీటిని వంచేస్తున్నాను.

తెనాలి_407:
పారదర్శకమైన పైపు వేయగానే బుడగలు వరుసగా కనిపించాయి. ట్యాంకు దగ్గరి రబ్బరు పైపు క్లిప్పు కిందనే చీలి ఉన్నది. కొత్త పైపు వేసి మూడు రోజులైంది. ప్రైమర్ ముట్టుకోకుండానే ఒక్క సెల్ఫ్‌కు అందుకుంటున్నది. ఆటోనగర్ గారికి కృతజ్ఞతలు. నాజిళ్ల సంగతి ఇంకా ఎవరూ చెప్పలేదు.

సుమో_నల్గొండ:
అక్కడ కూడా రాగి వాషర్లు కొత్తవే వేయించండి.