లారీ డ్రైవర్లు దొరకడం లేదా, నిలవడం లేదా?

చర్చ ప్రారంభం: నిర్వాహకులు
బండ్లున్నాయి, లోడ్లున్నాయి, స్టీరింగు పట్టేవారే లేరన్నది సరుకు రవాణా సంస్థల నుంచి తరచుగా వినిపించే ఫిర్యాదు. దీనికి సూచిస్తున్న పరిష్కారాలు మాత్రం ఒకదానితో ఒకటి పొసగడం లేదు. శిక్షణకు సాయం చేసి, వయోపరిమితి సడలించి కొత్తవారిని రప్పించాలని కొందరు, జీతం పెంచితే కొరత అన్న మాటే ఉండదని మరికొందరు అంటున్నారు. ఒక సంస్థ దగ్గర ఇందుకు కేటాయించగలిగిన డబ్బు పరిమితంగానే ఉందనుకుంటే, దాన్ని ముందుగా దేనిమీద ఖర్చు పెట్టాలి? దయచేసి కారణాలతో రాయండి.

లెక్కల పుస్తకం
మనుషులు లేకపోవడం వేరు, ఉన్నవారు నిలవకపోవడం వేరు. అమెరికాలో దూరప్రాంతాలకు పూర్తి లోడ్లు మోసే పెద్ద సంస్థల్లో, ఏడాదిలో పని మానే డ్రైవర్ల నిష్పత్తి అనేక సంవత్సరాల్లో 90 శాతం దాటింది. అంటే వంద సీట్లు ఖాళీ లేకుండా చూసుకోవడానికి ఏటా తొంభై మందికి పైగా కొత్తగా చేర్చుకోవలసి వచ్చిందన్నమాట. అదే దేశంలో, వేర్వేరు ఖాతాదారుల చిన్న సరుకులను ఒకచోట చేర్చి డిపోల మధ్య చేరవేసే సంస్థల్లో ఈ నిష్పత్తి దానితో పోలిస్తే చాలా తక్కువ. అక్కడ దారి ముందే తెలుసు, బయలుదేరే వేళ తెలుసు, జీతమూ మెరుగే. లైసెన్సు ఒకటే, రోడ్లు ఒకటే అయినప్పుడు, ఒకచోట నిలిచే మనిషి మరోచోట ఎందుకు నిలవడన్నదే అసలు ప్రశ్న కావాలి. అమెరికా కార్మిక గణాంకాల సంస్థ పత్రిక మంత్లీ లేబర్ రివ్యూలో 2019లో వచ్చిన విశ్లేషణ కూడా, డ్రైవర్ల శ్రామిక మార్కెట్టు ఇతర వృత్తుల మార్కెట్ల మాదిరిగానే పనిచేస్తున్నదనీ, జీతాలు పెరిగితే కాలక్రమంలో మనుషులు వస్తారనీ చెప్పింది.

బండ్ల యజమాని
జీతం పెంచమనడం సులువే గాని, కిరాయి నిర్ణయించేది నేను కాదు. ఒక్క లోడు కోసం పది సంస్థలు పోటీపడే చోట, నా ఖర్చు పెరిగిందని చెప్పగానే సరుకు యజమాని పక్కవారికి ఫోను చేస్తాడు. 1980లో అమెరికాలో మోటార్ క్యారియర్ చట్టం నియంత్రణలను సడలించిన తరువాత కొత్త సంస్థలు పెద్దఎత్తున ప్రవేశించాయి, కిరాయిలు తగ్గాయి, ఆ భారం చివరకు డ్రైవరు జీతం మీదే పడింది. ఆ పరిస్థితిని ఒంటరిగా నేను మార్చగలనా? పైగా పాతవారు విరమణకు దగ్గరవుతున్నారు. అమెరికాలో రాష్ట్రాల సరిహద్దు దాటి భారీ వాహనం నడపాలంటే 21 ఏళ్లు నిండాలి. పద్దెనిమిదేళ్లకు చదువు ముగించిన కుర్రవాడు ఆ మూడేళ్లలో మరో వృత్తిలో స్థిరపడిపోతాడు. 2021 నాటి మౌలిక సదుపాయాల చట్టంలో 18 నుంచి 20 ఏళ్లవారికి ప్రయోగాత్మకంగా అప్రెంటిస్ పథకం పెట్టింది ఇందుకే. ద్వారమే ఇరుకుగా ఉన్నప్పుడు, లోపలివారు ఎందుకు వెళ్లిపోతున్నారన్న చర్చతో పని జరగదు.

పాత స్టీరింగు
యజమానిగారూ, ఆ ద్వారాన్ని మీరు ఎంత వెడల్పు చేసినా, లోపలికి వచ్చినవాడికి ఎదురయ్యేది ఎదురుచూపే. దూరాన్ని బట్టి కూలి లెక్కగట్టే పద్ధతిలో, చక్రం తిరిగితేనే డ్రైవరుకు డబ్బు. గోడౌను గేటు దగ్గర నాలుగు గంటలు నిలబడితే ఆ నాలుగు గంటలకూ చాలాచోట్ల పైసా రాదు, వచ్చినా మొదటి రెండు గంటలు లెక్కలోకి తీసుకోరు. అమెరికాలో 1938 నాటి శ్రమ ప్రమాణాల చట్టంలోని ఓవర్‌టైమ్ నిబంధన అంతర్రాష్ట్ర రవాణా డ్రైవర్లలో చాలామందికి వర్తించదన్నది కూడా ఇక్కడే గుర్తుచేసుకోవాలి.

నష్టం ఆ పూట కూలితో ఆగదు. అక్కడి నిబంధన ప్రకారం డ్రైవరు డ్యూటీ మొదలుపెట్టిన 14 గంటల లోపలే, 11 గంటలకు మించకుండా బండి నడపాలి. డాక్ (గోడౌనులో సరుకు ఎక్కించి దించే చోటు) దగ్గర నిలబడినంతసేపూ సాధారణంగా ఆ 14 గంటల గడియారం ఆగదు. పోయిన సమయాన్ని రాబట్టుకోవడానికి అతడు వేగం పెంచుతాడు, లేదా పార్కింగు వెతుక్కునేసరికి అన్నీ నిండిపోయి దారి పక్కన ఆపుకుంటాడు. అమెరికా రవాణా శాఖ ఇన్‌స్పెక్టర్ జనరల్ కార్యాలయం 2018లో ఇచ్చిన నివేదిక, లోడింగు స్థలంలో గడిపే సగటు సమయం 15 నిమిషాలు పెరిగితే ప్రమాదాల అంచనా రేటు 6.2 శాతం పెరుగుతుందని లెక్కగట్టింది. అదే నివేదిక ప్రకారం, పూర్తి లోడ్ల రంగంలోని డ్రైవర్లు ఈ నిలుపుదల వల్ల ఏటా 110 నుంచి 130 కోట్ల డాలర్ల సంపాదన కోల్పోతున్నారు. మీరు వెతుకుతున్న జీతం పెంపు, చాలామటుకు ఆ గేటు దగ్గరే పారిపోతోంది.

చేరిన వెంటనే ఇచ్చే బోనసుల గురించి కూడా ఒక మాట చెప్పాలి. అవి ఊరించేది నిలకడగా పనిచేసేవారిని కాదు, బోనసు చేతికి అందగానే మరో సంస్థ ప్రకటన చదివేవారిని. అదే డబ్బును ఎదురుచూసిన ప్రతి గంటకూ కూలిగా ఇస్తే, కనీసం పనిచేసినవాడికే చేరుతుంది.

డాక్ మేనేజరు
నింద మొత్తం మా గేటు మీద పడుతున్నది కాబట్టి రాస్తున్నాను. ఇచ్చిన సమయానికి కాకుండా బండ్లన్నీ ఉదయమే ఒక్కసారిగా వస్తే, ఉన్న డాకులు ఉన్నంతే కదా. మా సిబ్బంది సంఖ్యను నిర్ణయించేది కూడా మేము కాదు, పైవారు. అయితే ఒక మార్గం ఉంది: లోడయిన ట్రైలరును సిద్ధంగా ఉంచి, డ్రైవరు తెచ్చిన ఖాళీ ట్రైలరు వదిలి దాన్ని తగిలించుకుని వెళ్లిపోయేలా చేయడం. దీనికి అదనపు ట్రైలర్లు, వాటిని నిలిపే స్థలం కావాలి. ఆ పెట్టుబడి ఎవరిదన్న దగ్గరే చర్చలు ఆగిపోతుంటాయి.

లెక్కల పుస్తకం
ఆ పెట్టుబడి ఎవరిదో తేల్చగలిగేది చట్టమేనని నా అభిప్రాయం, ఎందుకంటే అది పోటీదారులందరికీ ఒకేసారి వర్తిస్తుంది. జపాన్‌లో 2024 ఏప్రిల్ నుంచి డ్రైవరు ఓవర్‌టైమ్‌ను ఏడాదికి 960 గంటలకు పరిమితం చేశారు. అంతకు ముందు ఏడాదే ప్రభుత్వం, సరుకు యజమానులు నిరీక్షణ, లోడింగు, అన్‌లోడింగు కలిపి రెండు గంటల్లో ముగించాలని మార్గదర్శకాలు జారీ చేసింది. ఐరోపా సమాఖ్య 2020 సంస్కరణలు మరింత సూటిగా, 45 గంటల వారపు విశ్రాంతిని క్యాబిన్‌లో గడపకూడదనీ, కనీసం నాలుగు వారాలకొకసారైనా డ్రైవరు ఇంటికి గానీ, సంస్థ కేంద్రానికి గానీ చేరేలా పని ఏర్పాటు చేయడం సంస్థ బాధ్యతేననీ చెప్పాయి. అమలు ఎలా ఉన్నా, భారం ఎవరిమీద ఉండాలన్న విషయంలో అక్కడ సందేహానికి తావు లేదు.

బండ్ల యజమాని
చట్టం వచ్చేదాకా నేనేం చేయాలి? బండిని నిలిపి ఉంచినందుకు చెల్లించే హాల్టింగ్ ఛార్జీ షరతు ఒప్పందంలో పెట్టమంటే పెద్ద ఖాతాదారులు సంతకం చేయరు, చిన్న ఖాతాదారులు సంతకం చేసి చెల్లించరు. డ్రైవరుకు మాత్రం నేను చెల్లించాలంటే ఆ సొమ్ము నా లాభంలోంచే పోవాలి. శిక్షణకు ఖర్చు పెడితే కనీసం ఒక మనిషి కంటికి కనిపిస్తాడు.

పాత స్టీరింగు
కనిపిస్తాడు, ఎంతకాలమన్నదే ప్రశ్న. శిక్షణ ఇచ్చిన సంస్థ నుంచే మొదటి కొన్ని నెలల్లో చాలామంది వెళ్లిపోతారు. చేరేటప్పుడు చెప్పిన సంపాదనకూ చేతికి వచ్చినదానికీ పొంతన ఉండకపోవడం, ఇంటికి పంపుతామన్న రోజు వాయిదా పడుతూపోవడం అందుకు ముఖ్యమైన కారణాలు. అందుకే ఒక పని చేయమంటాను. గత ఏడాదిలో మానేసినవారి జాబితా తీసి, ఒక్కొక్కరు ఎన్ని నెలలు పనిచేశారో, ఆఖరి నెలలో గేట్ల దగ్గర ఎన్ని గంటలు నిలబడ్డారో పక్కపక్కనే రాయించండి. జీపీఎస్ రికార్డుల్లో ఆ గంటలు ఇప్పటికే ఉంటాయి, ఎవరినీ అడగనక్కరలేదు. ఎక్కువసేపు నిలిపే ఖాతాదారులు ముగ్గురో నలుగురో తేలితే, వారి లోడ్లకు కిరాయి పెంచి అడగాలా, వదులుకోవాలా అన్నది మీ చేతిలోనే ఉంటుంది. ఆ జాబితా చూశాక కూడా ముందుగా శిక్షణకే డబ్బు పెట్టాలని అనిపిస్తే, అప్పుడు మీతో నాకు వాదన లేదు.