వలస పక్షులు మన చెరువులకు ఎప్పుడు వస్తాయి, ఎప్పుడు వెళ్తాయి? నా నోటుపుస్తకం ఒకటి చెబుతోంది, విన్నది మరొకటి

ప్రశ్న: కొల్లేటిగట్టు (కైకలూరు ప్రాంతం)

సభ్యులందరికీ నమస్కారం. మా ఊరి మంచినీటి చెరువు గట్టు మీద రెండు సంవత్సరాలుగా ప్రతి ఆదివారం ఉదయం ఒక గంట నడుస్తూ, కనిపించిన పక్షులను తేదీతో సహా ఒక నోటుపుస్తకంలో రాసుకుంటున్నాను. పక్షులను గుర్తుపట్టడంలో ఇప్పుడిప్పుడే కాస్త ధైర్యం వచ్చింది కాని, వాటి రాకపోకల లెక్క మాత్రం నాకు కుదరడం లేదు.

వలస పక్షులు చలికాలంలో వస్తాయని చిన్నప్పటి నుంచి వింటున్నాను. అయితే గట్టు రాళ్ల మీద నిమిషానికి పదిసార్లు తోక పైకీ కిందికీ ఆడిస్తూ తిరిగే ఉల్లంకి పిట్ట, అంటే కామన్ శాండ్‌పైపర్, గత సంవత్సరం ఆగస్టు 11వ తేదీనే కనిపించింది. అప్పటికి మాకు ఉక్కపోత కూడా తగ్గలేదు. మరోవైపు, కొల్లేటి ఒడ్డున ఉన్న ఆటపాక పక్షుల కేంద్రంలో గూడబాతులు (పెలికాన్లు) సైబీరియా నుంచి వస్తాయని పడవ నడిపే అతను చెప్పాడు. అక్కడివే కొన్ని మండు వేసవిలో కూడా దిమ్మల మీద కూర్చుని ఉండడం నేను కళ్లారా చూశాను. ఇక అసలు బాధ ఏమిటంటే, మే నెలలో సెలవులు కదా అని పిల్లలను వెంటబెట్టుకుని పులికాట్ సరస్సుకు వెళ్తే, రోడ్డుకు రెండు వైపులా ఎండిన బురద, దాని మీద ఉప్పు పొర తప్ప మరేమీ లేదు. "నాన్నా, పక్షులు ఏవి?" అని మా చిన్నవాడు అడిగిన ప్రశ్నకు దారి పొడవునా సమాధానం చెప్పుకోవలసి వచ్చింది.

మన ప్రాంతానికి పనికివచ్చే విధంగా, ఏ పక్షి కోసం ఏ నెలలో ఎక్కడికి వెళ్లాలో అనుభవం ఉన్నవారు చెప్పగలరా?

సమాధానం 1: ఉప్పుకయ్య (సూళ్లూరుపేట)

కొల్లేటిగట్టు గారికి నమస్కారం. మీరు మే నెలలో మా వైపు రావడం విని నొచ్చుకున్నాను. మీ మూడు సందేహాలలో రెండింటికి మూలం ఒక్కటే: రెండు వేర్వేరు రకాల పక్షులను మనం ఒకే మాటతో "వలస పక్షులు" అని పిలుస్తున్నాము.

గూడబాతులకు, తోక దగ్గర గులాబీ రంగు ఈకలు ఉండే పెయింటెడ్ స్టార్క్ కొంగలకు సైబీరియాతో ఎటువంటి సంబంధమూ లేదు. అవి ఈ ఉపఖండంలోనే పుట్టి, ఇక్కడే తిరిగి, ఇక్కడే గూళ్లు పెట్టే పక్షులు. ఉప్పలపాడులోనైనా, తేలినీలాపురంలోనైనా, మీ ఆటపాకలోనైనా వాటిని చూసి విదేశీ అతిథులు అని రాయడం పత్రికలకు అలవాటైపోయింది. ఎవరైనా ఒక్క క్షణం ఆలోచిస్తే, చలిని తప్పించుకోవడానికి వచ్చిన పక్షి పరాయి చోట గూడు కట్టి పిల్లలను లేపదని తెలుస్తుంది. చలికాలానికి వచ్చే అసలైన విదేశీ పక్షులు మన దగ్గర తిని, కొవ్వు పట్టి, గుడ్లు పెట్టడానికి తమ ప్రాంతానికి తిరిగి వెళ్తాయి. మన చెట్ల మీద గూడు కనిపించిందంటే ఆ పక్షి మనదే అనుకోవచ్చు.

ఈ మన పక్షుల కదలికను నడిపేది నీరు. పిల్లలకు పెట్టడానికి చేపలు సమృద్ధిగా దొరికే రోజులను బట్టి అవి గూళ్లకు దిగుతాయి. మా నెల్లూరు వైపు ప్రధానమైన వానలు అక్టోబరు నుంచి డిసెంబరు వరకు ఈశాన్య రుతుపవనాలతో కురుస్తాయి కనుక, నేలపట్టు చెరువులో నీట మునిగి నిలబడే కడప చెట్ల మీదికి గూడబాతులు అక్టోబరు, నవంబరు నెలల్లో చేరి, పిల్లలు ఎగరగలిగే దాకా, అంటే సుమారు మార్చి వరకు ఉంటాయి. వాన ఆలస్యమైతే గూళ్లు కూడా ఆలస్యమవుతాయి. పెయింటెడ్ స్టార్కులేమో అనంతపురం వైపు చిలమత్తూరు దగ్గరి వీరాపురానికి జనవరి ప్రాంతంలో చేరి, అక్కడ వేసవి అంతా గడిపి వర్షాకాలంలో వెళ్తాయి. ఈ మన పక్షులకు ఒకే రాష్ట్రంలో రెండు కాలాలు ఉన్నాయంటే, చలి కారణం కాదని వేరే చెప్పనవసరం లేదు. మీ ఆటపాకలో వేసవిలో మిగిలిపోయిన గూడబాతులు కూడా, చుట్టూ చేపల చెరువులు ఉండగా ఎక్కడికో వెళ్లవలసిన అవసరం లేక ఉండిపోయినవే.

పులికాట్ విషయంలో నీటి లోతు ముఖ్యం. మా వాళ్లు రాజహంస అని కూడా పిలిచే ఫ్లెమింగో, తల కిందులుగా ముంచి బురద నీటిని వడకట్టి తినే పక్షి కనుక, మోకాలి లోతు నీరే దానికి అనువు. వానలకు సరస్సు నిండుగా ఉన్నప్పుడు అవి దూరపు అంచులకు వెళ్తాయి. నీరు తీస్తున్న కొద్దీ దగ్గరకు వస్తాయి. అందువల్ల డిసెంబరు చివరి నుంచి ఫిబ్రవరి చివరి వరకు ఎప్పుడైనా, సూళ్లూరుపేట నుంచి శ్రీహరికోట వెళ్లే రోడ్డు మీద ఉదయం ఏడు గంటల లోపు నిలబడండి. ఎండ పెరిగాక నీటి మీద ఆవిరి లేచి, ఎంత మంచి బైనాక్యులర్ ఉన్నా గులాబీ రంగు మరకలు తప్ప ఏమీ కనిపించవు. పక్షుల పండుగ రోజుల్లో జనం ఎక్కువగా ఉంటారు కాబట్టి, పక్షి కోసమే వచ్చేవారు మరో వారం చూసుకోవడం మేలు. ఈసారి పిల్లలను సంక్రాంతి సెలవుల్లో తీసుకురండి.

సమాధానం 2: పిల్లిగద్ద (హైదరాబాద్)

ఉప్పుకయ్య గారు నీటి గురించి చెప్పినదానితో పూర్తిగా ఏకీభవిస్తూ, మీ ఆగస్టు ఉల్లంకి గురించి నేను రాస్తాను.

ఉత్తరాది నుంచి వచ్చే పక్షులను కదిలించేది మన చలి కాదు. పగటి పొడవులో వచ్చే మార్పును బట్టి వాటి శరీరం లోపల హార్మోన్లు మారి, ఆకలి పెరిగి, కొవ్వు చేరి, ఒక రోజు బయలుదేరతాయి. టండ్రాలో గుడ్లు పెట్టడానికి అనువైన కాలం జూన్, జూలై మాత్రమే. పని పూర్తి కాగానే పెద్ద పక్షులు అక్కడ ఆగవు. కర్లూ శాండ్‌పైపర్ అనే ఉల్లంకి జాతిలో మగ పక్షి గుడ్లు పొదిగే పని కూడా పెట్టుకోకుండా అందరికంటే ముందే బయలుదేరుతుంది, ఆ తరువాత ఆడవి, చివరకు దారి చూపేవారు ఎవరూ లేకుండా ఆ సంవత్సరం పుట్టిన పిల్లలు. అందుకే ఆగస్టులో తీరం మీద కనిపించే ఆ పక్షులలో కొన్నింటికి రొమ్ము మీద ఇటుక రంగు ఇంకా మరకలు మరకలుగా మిగిలి ఉంటుంది. అక్టోబరు నాటికి అన్నీ బూడిద రంగులోకి మారిపోతాయి. మళ్లీ ఏప్రిల్‌లో వెళ్లబోయే ముందు ఆ ఎరుపు తిరిగి వస్తుంది. కాకినాడ దగ్గర కోరంగి వైపు బురద నేలల మీద ఈ రంగు మార్పును చూడగలిగితే, ఇంకే క్యాలెండరూ అవసరం ఉండదని నా అభిప్రాయం. మీరు చూసిన కామన్ శాండ్‌పైపర్‌కు అంత దూరం కూడా లేదు, అది కశ్మీర్, లడఖ్ వాగుల పక్కన కూడా గూడు పెడుతుంది కనుక ఆగస్టులో రావడం సహజమే.

ఆ తరువాత వరుస సుమారుగా ఇలా సాగుతుంది. సెప్టెంబరులో తీగల మీద బారులు తీరే వానకోయిలలు, పొలం గట్ల మీద కాటుకపిట్టలు, బాతులలో అందరికంటే ముందుగా గార్గనీ. అక్టోబరులో మెట్ట పొలాల మీద తక్కువ ఎత్తులో తేలుతూ తిరిగే పిల్లిగద్దలు, వాటిని రోళ్లపాడు గడ్డి భూముల్లో సాయంత్రం పూట చూడడం ఒక అనుభవం, నేను ఇక్కడ పెట్టుకున్న పేరు కూడా దాని వల్లనే. నవంబరులో సూదితోక బాతులు, మన కవులు విరహానికి గుర్తుగా చెప్పుకున్న జక్కవలు. చివరగా, డిసెంబరు ప్రాంతంలో మంజీరా, సింగూరు జలాశయాల వద్దకు తల వెనుక రెండు నల్లని పట్టీలు ఉండే బార్‌హెడెడ్ గూస్ బాతులు. వీటిలో చాలా భాగం మార్చి చివరికి ఖాళీ చేస్తాయి. గులాబీ గోరింకలు మాత్రం ముందుగా వచ్చి ఆలస్యంగా వెళ్తాయి. జొన్న కంకులు అయిపోయాక బూరుగు, మోదుగ పూల తేనె తాగుతూ ఏప్రిల్ దాకా గడుపుతాయి.

ఇవి కాక, మన దగ్గర ఆగకుండా దాటిపోయేవి ఉన్నాయి, వాటిని చూడాలంటే తేదీ బాగా కుదరాలి. అముర్ డేగలు అక్టోబరు, నవంబరు నెలల్లో నాగాలాండ్‌లోని దోయాంగ్ జలాశయం దగ్గర గుంపులుగా దిగి, ఉసిళ్లు తిని, అక్కడి నుంచి ద్వీపకల్పం మీదుగా, అరేబియా సముద్రం మీదుగా ఆఫ్రికా చేరతాయి. 2013లో ఉపగ్రహ ట్రాన్స్‌మిటర్లు అమర్చిన తరువాత ఈ దారి స్పష్టమైంది. నవంబరులో ఎత్తైన చోట నిలబడి ఆకాశం చూడడానికి ఇదొక కారణం. అలాగే పొన్నంగి పిట్ట, అంటే ఇండియన్ పిట్టా, దక్షిణాది నుంచి ఉత్తరానికి మే నెలలో వెళ్తూ, రాత్రంతా ఎగిరి అలసిపోయి తెల్లవారేసరికి ఎవరి వరండాలోనో, మెట్ల కిందో కూర్చుని ఉంటుంది. దానిని ఒక అట్టపెట్టెలో చీకటిగా ఉంచి సాయంత్రం చెట్ల మధ్య వదిలేస్తే తన దారి తాను చూసుకుంటుంది. ఆ కుటుంబం మొత్తానికి శాస్త్రజ్ఞులు ఖాయం చేసిన "పిట్టా" అనే పేరు మన తెలుగు మాటే కావడం నాకు ఎప్పుడూ సంతోషం కలిగించే విషయం.

ఒక చిన్న సూచన. "బాతులు దీపావళికి వస్తాయి" అని మీ వైపు పెద్దలు అంటారేమో. దీపావళి 2023లో నవంబరు 12న వచ్చింది, 2025లో అక్టోబరు 20న వచ్చింది. బాతులు తిథులు చూసుకోవు. మన కార్తెలు సూర్యుడిని బట్టి నడుస్తాయి కనుక ప్రతి సంవత్సరం దాదాపు అవే తేదీలకు వస్తాయి. నోటుపుస్తకంలో తేదీ పక్కన కార్తె కూడా రాసుకుంటే, ఊళ్లో రైతులు చెప్పే పాత గుర్తులతో పోల్చుకోవడానికి వీలవుతుంది.

సమాధానం 3: బాహుదా (ఇచ్ఛాపురం)

కార్తెల మాట వచ్చింది కాబట్టి ఒక మాట. మా పక్కనున్న తేలుకుంచికి ఓపెన్‌బిల్ కొంగలు మృగశిర కార్తెకు అటూ ఇటూగా, జూన్‌లో వస్తాయి. ముక్కు మూసినా మధ్యలో సందు మిగిలే కొంగ అది, దాని తిండి నత్తలు. వరి మడుల్లో నీరు నిలిచి నత్తలు పెరిగే కాలానికి పిల్లలు గూళ్లలో ఉండేటట్టు వస్తుంది, పంట కోతలు అయ్యేసరికి వెళ్తుంది. ఆ కొంగలు వస్తే వాన వచ్చినట్టేనని ఊరివారి నమ్మకం, ఎవరూ రాయి వేయరు. సంక్రాంతికి మా వైపు వచ్చి తేలుకుంచిలో పక్షులు లేవని నిరాశపడేవారిని ప్రతి సంవత్సరం చూస్తుంటాను. సంక్రాంతికి తేలినీలాపురం వెళ్లాలి, వర్షాకాలంలో తేలుకుంచికి రావాలి.

కొల్లేటిగట్టు:

అందరికీ కృతజ్ఞతలు. పుస్తకం మళ్లీ తిరగేశాను, రెండు విషయాలు అర్థం కాలేదు. నవంబరు 24న ఉల్లంకి జాతులు అన్నీ కలిపి నాలుగు వందలకు పైగా లెక్కపెట్టాను, తరువాతి ఆదివారం ముప్ఫై కూడా లేవు. ఇంత త్వరగా వెళ్లిపోయాయా? అలాగే జూన్ 15న ఒక నల్లతోక గాడ్‌విట్ ఒంటరిగా కనిపించింది. తప్పుగా గుర్తుపట్టానా?

పిల్లిగద్ద:

ఆ నాలుగు వందలను చూసినది మంచినీటి చెరువులోనా, పక్కన నీరు తోడేసిన చేపల చెరువులోనా?

కొల్లేటిగట్టు:

నిజమే, పట్టుబడి అయ్యాక ఎండబెట్టిన చేపల చెరువులో. తరువాతి వారం దానికి మళ్లీ నీరు పెట్టారు.

పిల్లిగద్ద:

అయితే అవి వలస వెళ్లలేదు, మరో రైతు ఎండబెట్టిన చెరువుకు మారాయి. మీ ప్రాంతంలో బురద ఎక్కడ బయటపడితే పక్షులు అక్కడ ఉంటాయి కనుక, ప్రతి సంఖ్య పక్కన ఆ రోజు చెరువు నిండి ఉందో, ఎండి ఉందో తప్పక రాయండి. ఇంకొక లోపం అందరిలోనూ ఉంటుంది: మొదటిసారి కనిపించిన రోజును ఉత్సాహంగా రాస్తాము, చివరిసారి కనిపించిన రోజు అదే చివరిదని ఆనాడు తెలియదు కాబట్టి వదిలేస్తాము. మార్చి నుంచి మే వరకు "వెతికాను, కనిపించలేదు" అని కూడా ప్రతి వారం రాస్తేనే నిష్క్రమణ తేదీ దొరుకుతుంది. 2007లో మొదలైన మైగ్రెంట్‌వాచ్ కార్యక్రమం పౌరులను అడిగినది కూడా ఈ మొదటి, చివరి తేదీలనే. ఇప్పుడు ఈబర్డ్‌లో, అంటే చూసిన పక్షులను నమోదు చేసే వెబ్‌సైట్‌లో, పూర్తి జాబితా ఇస్తే ఆ పని జరిగిపోతుంది.

జూన్ గాడ్‌విట్ విషయంలో మీరు తప్పు చేసి ఉండకపోవచ్చు. ఉల్లంకి జాతులలో మొదటి ఏడాది పక్షులు గూడు కట్టే వయసు రాక, ఆ వేసవికి ఉత్తరానికి వెళ్లకుండా మన దగ్గరే ఉండిపోవడం మామూలే. దాని మెడ, రొమ్ము బూడిద రంగులో ఉన్నాయా, ఎర్రబారాయా అనేది గుర్తుందా?

కొల్లేటిగట్టు:

బూడిద రంగే. ఎరుపు ఎక్కడా లేదు, ఒక కాలు మీద నిలబడి నిద్రపోతోంది.

పిల్లిగద్ద:

అయితే అది మొదటి ఏడాది పక్షే అయి ఉంటుంది. ఆ రంగు కూడా తేదీ పక్కన రాసేయండి.