ఫ్రెండ్స్‌తో కలిసి కాస్‌ప్లే, ఫ్యాన్ ఆర్ట్, సొంత కామిక్: మీరెలా చేస్తున్నారు?

కుంచె_కబుర్లు (విజయవాడ)

అందరికీ నమస్కారం. మేం నలుగురం ఇంజనీరింగ్‌లో ఒకే బ్యాచ్, ఇప్పుడు తలో ఊళ్లో ఉద్యోగం. కలిసినప్పుడల్లా కామిక్స్, అనిమే, పాత పౌరాణికాలు, ఇవే కబుర్లు. ఈసారి కబుర్లతో ఆపకుండా ఏదో ఒకటి చేసి చూపించాలని గట్టిగా అనుకున్నాం.

ఘటోత్కచుడు, హిడింబి, అభిమన్యుడు, శశిరేఖ వేషాలు కట్టి (దీన్నే కాస్‌ప్లే అంటారు) కామిక్స్ అభిమానుల పండగ హైదరాబాద్ కామిక్ కాన్‌కి వెళ్లాలి. అవే పాత్రలతో మేమే కథ రాసి, బొమ్మలు గీసి, చిన్న పుస్తకం అచ్చు వేయించాలి. అక్కడ అందరూ సూపర్ హీరోల వేషాలే వేస్తారు, మనల్నెవరు గుర్తుపడతారని మాలో ఒకరి బెంగ. గద భుజాన వేసుకుని నడిచొస్తే పిల్లలు పరిగెత్తుకొస్తారని నా నమ్మకం.

ఇలాంటివి చేసినవాళ్లు సామాను ఎక్కడ దొరికింది, పని ఎలా పంచుకున్నారు, మధ్యలో ఆగిపోకుండా ఎలా చూసుకున్నారు, కాస్త వివరంగా చెప్పండి.

అట్టముక్క (హైదరాబాద్)

మంచి ఆలోచన తమ్ముడూ. గద, కిరీటం, భుజకీర్తులు, అన్నింటికీ ఈవీఏ ఫోమ్ చాలు. చిన్నపిల్లలు ఆడుకోవడానికి నేల మీద పరుస్తారే, పళ్లు పళ్లుగా ఒకదానిలో ఒకటి ఇరుక్కునే మ్యాట్లు, అదే సరుకు. కవచానికి 10 మిల్లీమీటర్లది, గద గుండుకి 5 లేదా 6, పైన పువ్వులు, అంచు డిజైన్లకి 2 మిల్లీమీటర్లది తీసుకోండి. యోగా మ్యాట్ వద్దు, మరీ మెత్తన, ఆకారం నిలబడదు.

గద గుండు చేసే పద్ధతి చెబుతాను. మామిడాకు ఆకారంలో, రెండు కొసలూ సన్నగా, మధ్యలో వెడల్పుగా ఎనిమిది ముక్కలు కోయండి. ముందు పేపర్ మీద ఒక ఆకు గీసి, అదే అచ్చు పెట్టి అన్నీ కోస్తే కొలత తప్పదు. అంచుకి అంచు అతికిస్తూ పోతే గుండ్రటి బంతి దానంతటదే తయారవుతుంది. పిడికి పీవీసీ పైపు. ఫోమ్ కోస్తుంటే కట్టర్ బ్లేడు చాలా త్వరగా మొద్దుబారుతుంది, అప్పుడప్పుడు కొస విరిచి కొత్త పదును తెచ్చుకోండి, లేకపోతే అంచులు పీచులు పీచులుగా వస్తాయి.

అతికించడానికి రబ్బరు జిగురు, చెప్పులవాళ్లు వాడే రకం. రెండు అంచులకీ పల్చగా రాసి పది పదిహేను నిమిషాలు వదిలేయాలి. వేలితో తాకితే జిడ్డుగా ఉండి వేలికి అంటకపోతే అప్పుడు కలిపి నొక్కాలి. ఒకసారి అతుక్కుంటే మళ్లీ జరపడం కుదరదు కాబట్టి ఒకరు పట్టుకుని ఒకరు అతికించండి. ఈ పనికి ఫ్రెండ్ పక్కన ఉండి తీరాలి. ఆ వాసన తలకెక్కుతుంది, కిటికీలు తీసి గానీ, డాబా మీద గానీ చేయండి.

రంగు వేసేముందు హీట్ గన్‌తో (వేడి గాలి ఊదే పరికరం) పైపైన వేడి పట్టించండి. ఫోమ్ కాస్త నిగనిగలాడుతుంది, సన్నటి రంధ్రాలు మూసుకుపోతాయి. తర్వాత తెల్ల ఫెవికాల్ నీళ్లలో కలిపి రెండు మూడు పూతలు. అది ఆరాక నలుపు, దాని మీద బంగారు రంగు. చివర్లో పల్చటి గోధుమ రంగు పూసి వెంటనే గుడ్డతో తుడిచేస్తే గీతల్లో మాత్రం నిలిచి, పాత ఇత్తడిలా కనిపిస్తుంది.

కుంచె_కబుర్లు

అన్నా, చాలా థాంక్స్. గుండుకి థర్మోకోల్ బంతి తెచ్చి పైన ఫోమ్ అతికిస్తే పని తగ్గదా?

అట్టముక్క

ఆ రబ్బరు జిగురు థర్మోకోల్‌ని కరిగించేస్తుంది, గుంటలు పడిపోతాయి. థర్మోకోల్ వాడాలనుకుంటే దాని మీదకి తెల్ల ఫెవికాల్ మాత్రమే. ఆరడానికి రాత్రంతా పడుతుంది.

కొలువుబొమ్మ (రాజమండ్రి)

మా బృందం కథ వేరు. మేం ఐదుగురం ఆడవాళ్లం, ఒకే వీధి. ఏటా సంక్రాంతికి మా ఇంట్లో బొమ్మల కొలువు పెడతాం. పై మెట్ల మీద దేవుళ్లు, దశావతారాలు, కొండపల్లి అంబారీ ఏనుగు, ఏటికొప్పాక లక్క బొమ్మలు, అవన్నీ అమ్మమ్మ నాటి పద్ధతే. కింది మెట్టు మాత్రం మాది. ప్రతి ఏడూ ఒక కథ అనుకుని ఆ మెట్టంతా దాంతోనే కడతాం. ఒకసారి చంద్రుడి మీద సంత పెట్టాం. థ్రీడీ ప్రింట్ చేసిన రోబోలు కూరగాయలు అమ్ముతుంటే, కొండపల్లి పల్లె పడుచులు బేరమాడుతున్నారు. పేరంటానికి వచ్చిన పెద్దావిడ ఒకరు ఆ మెట్టు ముందే కూర్చుని, ఒక్కో రోబో పేరూ అడిగి తెలుసుకున్నారు.

మీకు పనికొచ్చే మాట ఒకటి చెబుతాను. హిడింబికి ముఖానికి మాస్క్ కావాలంటే ఫోమ్ కన్నా మన పాత పద్ధతి బాగుంటుంది. తెలంగాణలోని చేర్యాలలో చేసే మాస్కులు చూశారా? రంపపు పొట్టు, చింతగింజల బంక కలిపి ముద్ద చేసి దాంతోనే ముక్కు, చెంపలు, కనుబొమలు పెడతారు, చిన్న మాస్కులకైతే కింద కొబ్బరి చిప్ప ఉంటుంది. కొండపల్లిలో చెక్క ముక్కలు అతికేదీ ఇలాంటి ముద్దతోనే, దాన్ని మక్కు అంటారు. మేం ఇంట్లో చింతగింజలు వేయించి, పొట్టు తీసి, నానబెట్టి, మెత్తగా రుబ్బి ఉడికించి చేసుకున్నాం. రుబ్బడం పెద్ద పని, వంతులు వేసుకోవాలి. ముద్ద పల్చటి పొరలుగా పెట్టి నీడలో ఆరబెట్టండి, ఎండలో పెడితే పగుళ్లొస్తాయి. బాగా ఆరాక గరుకు కాగితంతో రుద్దితే గట్టిగా, నున్నగా తేలుతుంది.

ఇంకోటి, థ్రీడీ ప్రింట్ చేయించేవాళ్లు జాగ్రత్త. మామూలుగా వాడే పీఎల్ఏ ప్లాస్టిక్ 60 డిగ్రీల దగ్గరే మెత్తబడుతుంది. మే నెలలో తలుపులు మూసిన కారులో వదిలితే కిరీటం ఒంగిపోతుంది.

పాచికల_పందిరి (డల్లాస్)

మాది వేషాల బృందం కాదు, ఆటల బృందం. డంజన్స్ అండ్ డ్రాగన్స్ తెలుగులో ఆడతాం. ఇద్దరం ఇక్కడ, ముగ్గురు హైదరాబాద్‌లో, ఒకరు శ్రీకాకుళంలో. మాకు శనివారం రాత్రి 9 అంటే మీకు ఆదివారం పొద్దున్న ఏడున్నర, చలికాలంలో ఎనిమిదిన్నర. అక్కడ వాళ్లు టిఫిన్ ప్లేటు పట్టుకుని కూర్చుంటారు, ఇక్కడ మేం పిల్లల్ని పడుకోబెట్టి వస్తాం.

తెలియనివాళ్ల కోసం రెండు ముక్కలు. ఒకరు కథ నడుపుతారు, మిగతావాళ్లు తలో పాత్ర. గోడ దూకాలన్నా, కాపలావాణ్ణి మాటల్లో పెట్టాలన్నా 20 ముఖాల పాచిక వేసి తేల్చుకోవాలి. 1974లో మొదలైన ఆట ఇది. మూల నియమాల్లో ముఖ్య భాగాన్ని 2023 జనవరిలో క్రియేటివ్ కామన్స్ లైసెన్సు కింద వదిలారు, కాబట్టి డబ్బు పెట్టకుండా మొదలుపెట్టొచ్చు, మన కథకి తగ్గట్టు మార్చుకోవచ్చు.

మా కథ కాకతీయుల ఓరుగల్లులో జరుగుతుంది. ద్వారం దగ్గర బ్రహ్మరాక్షసుడు, చెరువు గట్టున దొంగల గుంపు, కోటలో లెక్కలు తప్పిన కరణం. ఇంగ్లిష్‌లో ఆడినన్నాళ్లూ అందరి పాత్రలూ ఒకేలా మాట్లాడేవి. తెలుగులోకి వచ్చాక ఎవరి యాస వాళ్లకి వచ్చేసింది. శ్రీకాకుళం ఫ్రెండ్ పాత్ర ఓ పడవ నడిపే మనిషి. రాజుగారి ఎదుట కూడా "ఏటి బాబూ, మా పడవకి సుంకమేటి?" అని నిలదీశాడు. సభలో ఆ సంభాషణ అరగంట సాగింది. పాచిక వేయడం కూడా మరిచిపోయి విన్నాం.

ఆగిపోకుండా ఎలా చూసుకోవాలని అడిగారు కదా. వారం, టైమ్ మార్చకండి. ఒకరు రాకపోయినా ఆట నడపండి, వాళ్ల పాత్ర ఆ రోజు గుడారం కాపలా కాస్తుంది. అందరూ కుదిరినప్పుడు ఆడదాం అనుకుంటే ఆ రోజు ఎప్పటికీ రాదు.

నల్లసిరా (గుంటూరు)

పుస్తకం సంగతి నేను చెబుతాను. మా బృందం విక్రమార్కుడు, బేతాళుడితో మొదలైంది. 1947లో మొదలైన చందమామలో శంకర్ గారు వేసిన ఆ బొమ్మ తెలియని తెలుగువాళ్లు ఎవరు? కత్తి చేతిలో, శవం భుజాన. అదే దృశ్యాన్ని మాలో ఎవరి శైలిలో వాళ్లు వేశాం. ఒకరు మాంగాలా (జపాన్ కామిక్), ఒకరు పిక్సెల్ బొమ్మగా, ఒకరు చేర్యాల పటాల ఎర్ర నేపథ్యం మీద. వాటినే కలిపి చిన్న పుస్తకం చేశాం.

ఏ4 కాగితం మధ్యకి మడిస్తే నాలుగు ఏ5 పేజీలు. కాబట్టి మీ పేజీల సంఖ్య నాలుగుతో భాగించబడాలి. 16 పేజీలకి నాలుగు కాగితాలు, నడుమ రెండు పిన్నులు, పుస్తకం అయిపోయింది. కవర్‌కి కాస్త మందం కాగితం పెట్టండి. బొమ్మలు 300 డీపీఐలో, అంటే అంగుళానికి 300 చుక్కలతో ఉండాలి. స్క్రీన్ మీద మెరిసే పచ్చ, నీలం అచ్చులో డల్ అవుతాయి, అందుకని ముందు ఒక్క కాపీ తీయించి చూసుకోండి. గీయడానికి క్రిటా అనే సాఫ్ట్‌వేర్ ఉచితం, చక్కగా పనిచేస్తుంది.

తెలుగు మాటలు బుడగల్లో పెట్టేటప్పుడు చాలామంది ఇంగ్లిష్ కామిక్ కొలతలే వాడతారు. మన అక్షరానికి పైన గుడి, కింద ఒత్తు. "లక్ష్మి" అని రాసి కింది వరుసలో "కీర్తి" అని పెట్టి చూడండి, పై ఒత్తు, కింది గుడి ఢీకొంటాయి. వరుసల మధ్య ఖాళీ పెంచండి, బుడగ పెద్దది గీయండి, మాటలు తగ్గించండి. ఫాంట్లకి వెతుక్కోవాల్సిన పని లేదు, సిలికానాంధ్ర వాళ్లు ఉచితంగా ఇచ్చిన యూనికోడ్ ఫాంట్లు ఉన్నాయి. శీర్షికకి రామభద్ర, పొన్నాల, లోపల మాటలకి మండలి నాకు నచ్చాయి. డీటీపీ షాపుకి వర్డ్ ఫైలు ఇవ్వకండి, వాళ్ల కంప్యూటర్లో ఆ ఫాంట్ లేకపోతే పుస్తకం రూపమే మారిపోతుంది. పీడీఎఫ్ ఇవ్వండి.

ఓరుగల్లు_పిల్ల (వరంగల్)

నేను డిగ్రీ సెకండియర్. ఇవన్నీ చదువుతుంటే ఎంత ఆశగా ఉందో! కానీ నాకు బొమ్మలు గీయడం రాదు, కుట్టడం రాదు. మా ఫ్రెండ్స్ చేస్తున్నదాంట్లో చేరాలంటే నేనేం చేయాలి?

కొలువుబొమ్మ

అమ్మాయ్, మా ఐదుగురిలో గీయడం వచ్చింది ఇద్దరికే. ఒకరు కథ చెబుతారు, ఒకరు సామాను ఎక్కడ చవకో కనిపెడతారు, ఒకరు ఫోటోలు. ఆ ఫోటోలు లేకపోతే మేం చేసింది నాలుగు రోజుల్లో మాకే గుర్తుండదు. కాస్‌ప్లే అయితే కామిక్ కాన్‌లో పక్కన నడిచే మనిషి చాలా ముఖ్యం. కిరీటం పెట్టుకున్నవాళ్లకి పక్కలు కనిపించవు, వంగి నీళ్లు తాగలేరు. వాళ్లకి నీళ్లందించి, ఊడిన పట్టీ అక్కడికక్కడే అతికించి, తోవ చూపించే పని నువ్వు తీసుకో. సంచిలో పిన్నీసులు, వెల్‌క్రో, జిగురు, చిన్న కత్తెర, గ్లూకోజ్ పొడి పెట్టుకో.

ఓరుగల్లు_పిల్ల

అక్కా, ఇది నేను చేయగలను. ఈ రోజే మా వాళ్లకి చెబుతాను.

నల్లసిరా

కుంచె గారూ, పుస్తకం అమ్మే ఆలోచన ఉంటే ఒక మాట. ఘటోత్కచుడు మహాభారతంలోవాడు, ఎవరి సొత్తూ కాదు. కానీ ఘటోత్కచుడు అనగానే మన చెయ్యి ఎస్వీ రంగారావు గారి రూపమే గీసేస్తుంది. "మాయాబజార్" 1957 నాటిది. సినిమాకి మన చట్టంలో కాపీరైట్ 60 ఏళ్లు, అది 2017తో ముగిసింది. మాటలు, పాటలు రాసిన పింగళి నాగేంద్రరావు గారు 1971లో పోయారు. రచనకి రచయిత తర్వాత 60 ఏళ్లు, అంటే 2031 దాకా హక్కు ఉంటుంది. కాబట్టి ఆ డైలాగులు బుడగల్లో పెట్టకండి. మీ ఘటోత్కచుడికి మీ మాటలు మీరే రాయండి, ముఖం కూడా మీరే ఊహించండి. పుస్తకానికి ప్రాణం దాంతోనే వస్తుంది.

అట్టముక్క

దీనికి నేనూ సై. రూపం కోసం సురభి నాటకం వెళ్లి చూడండి. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో మొదలుపెట్టిన కుటుంబాలు ఇప్పటికీ ఆడుతున్నాయి. చివరి వరుసలో కూర్చున్నవాడికి కూడా భుజకీర్తి అంచు ఎలా కనబడుతుందో గమనించండి. గీతలు తక్కువ, అంచులు లావు. కూచిపూడివాళ్లు పూర్వం నగలు బూరుగు చెక్కతో చేయించుకునేవారు, బరువు ఉండకూడదని. రోజంతా తిరగాల్సిన మీకూ అదే సూత్రం.

కుంచె_కబుర్లు

ఇన్ని సంగతులు తెలుస్తాయని అనుకోలేదు. మేం నలుగురం నిన్న రాత్రి ఫోన్లో కూర్చుని ఇదంతా చదివాం. ప్రతి ఆదివారం పొద్దున్న పది గంటలకి మా ఇంటి డాబా మీద, రాలేనివాళ్లు వీడియో కాల్‌లో. గద, కిరీటం నాకు. హిడింబి మాస్క్ మక్కుతోనే, చింతగింజలు రుబ్బడానికి మా అమ్మ కూడా ఒప్పుకుంది. బెంగపడిన ఫ్రెండే ఇప్పుడు కథ రాస్తున్నాడు. అందులో ఘటోత్కచుడు తల్లికి ఇష్టమైన గారెల కోసం లోకాలన్నీ తిరుగుతాడు. పుస్తకం 16 పేజీలే.

ఒక్క సందేహం మిగిలింది. గద ఐదడుగులు వస్తోంది. విజయవాడ నుంచి హైదరాబాద్‌కి బస్సులో ఎలా తీసుకెళ్లాలి?

అట్టముక్క

పిడి రెండు ముక్కలు చెయ్యి. హార్డ్‌వేర్ షాపులో పీవీసీ పైపుకి మర ఉన్న కప్లింగ్ దొరుకుతుంది. ఒక ముక్కకి మగ మర, ఇంకోదానికి ఆడ మర అతికించు, అక్కడికెళ్లాక తిప్పి బిగించుకోవచ్చు. అతుకు కనబడకుండా దాని మీద 2 మిల్లీమీటర్ల ఫోమ్‌తో కడియంలా చుట్టు, కానీ ఒక వైపే అతికించు. గుండుని పాత దుప్పట్లో చుట్టి ఒళ్లో పెట్టుకో, డిక్కీలో వేయొద్దు. ఇంకా, ఎంట్రన్స్ దగ్గర ఆయుధాలు చెక్ చేస్తారు, ఇనుము, మొనదేలినవి ఒప్పుకోరు. పైపు, ఫోమ్ కాబట్టి నీకు ఇబ్బంది ఉండదు. రంగు వేశాక ఫోటో ఇక్కడ పెట్టు.