చిన్న వ్యాపారాల పన్ను రిటర్నుకు ఫీజు ఏటా ఎందుకు పెరుగుతోంది?

ప్రశ్న: మా అమ్మకాలు పెద్దగా పెరగకపోయినా, రిటర్ను తయారుచేసే అకౌంటెంటు ఏటా ఫీజు పెంచుతున్నారు. ఇందులో న్యాయమెంత?

జవాబు 1: ఫీజును చాలావరకు నిర్ణయించేది పనికి పట్టే సమయం. మారిన నిబంధనలను చదువుకోవడానికి పట్టే గంటలు, సాఫ్ట్‌వేర్ చందా, ఖాతాదారుల సమాచార భద్రత, వృత్తిపరమైన బీమా, వీటన్నిటి ఖర్చూ మీ బిల్లులోకే చేరుతుంది. పైగా చిన్న ఖాతాదారుకైనా ఈ ఖర్చులు పెద్దగా తగ్గవు.

జవాబు 2: నిజమే గాని, కొంత భారం మనం తెచ్చిపెట్టుకున్నదే. ఇంటి ఖర్చులూ వ్యాపారం ఖర్చులూ ఒకే ఖాతాలో కలిపేసి, రశీదుల్లేని చెల్లింపులను గడువుకు ముందురోజు అప్పగిస్తే, రిటర్ను ముట్టుకునే ముందు వాళ్లు ఏడాది పద్దులన్నీ సరిచేయాల్సి వస్తుంది.

ప్రశ్న అడిగినవారు: అయితే పద్దుల పనికీ రిటర్నుకూ విడివిడిగా బిల్లు వేయమని అడుగుతాను.

జవాబు 2: అడగండి, ఏది దేనికో తేలిపోతుంది.