ఇంజనీరింగ్ ఫస్టియర్: వైవాలో నోరు పెగలదు, క్లాసులో ఎవరితోనూ కలవలేను. ఏం చెయ్యాలి?

ఆదోని_ఫ్రెషర్
అనంతపురంలో బీటెక్ మొదటి సంవత్సరం. మాది ఆదోని పక్కన పల్లె, టెన్త్ దాకా తెలుగు మీడియం. ఫిజిక్స్ ల్యాబ్ వైవాలో, అంటే నోటిపరీక్షలో, తెలిసిన ప్రశ్నకు కూడా గొంతు రాదు. ఇంగ్లీషు ల్యాబ్‌లో జామ్ అని ఒక నిమిషం మాట్లాడమంటారు, నా వంతు వచ్చేసరికి చెమటలు. మెస్‌లో ఒక్కడినే కూర్చుంటా. ప్రతి శనివారం ఇంటికి పోతున్నా, సోమవారం క్లాసులు కూడా పోతున్నాయి. ధైర్యంగా ఉండు అని మాత్రం చెప్పొద్దండీ, అది ఇంట్లో రోజూ వింటున్నా. చెయ్యాల్సిన పని చెప్పండి.

ల్యాబ్_రికార్డు
ముందు వైవా, ఎందుకంటే అది అన్నిటికంటే సులువుగా దారికొస్తుంది. అడిగేవి తిప్పి తిప్పి అవే: ప్రయోగం ఉద్దేశం, సూత్రం, అందులో ప్రతి అక్షరం దేన్ని సూచిస్తుంది, యూనిట్లు, లీస్ట్ కౌంట్ (పరికరం కొలవగల అతి చిన్న కొలత), జాగ్రత్తలు. ఒక్కో ప్రయోగానికి పది ప్రశ్నలు రాసుకుంటే సగానికి పైగా అందులోంచే వస్తాయి.

గ్రేటింగ్ ప్రయోగమే తీసుకో, సన్నని గీతలున్న పలకతో కాంతి తరంగదైర్ఘ్యం కొలిచేది. అందులో కోణాలు కొలిచే స్పెక్ట్రోమీటర్ లీస్ట్ కౌంట్ ఎంత అంటే "ఒక నిమిషం" అని బట్టీ పట్టి ఆగిపోతారు. తర్వాతి ప్రశ్న "ఎట్లా వచ్చింది?" అక్కడే మూగబోతారు. ప్రధాన స్కేలు మీద చిన్న భాగం అర డిగ్రీ, అంటే 30 నిమిషాలు (గడియారం నిమిషం కాదు, డిగ్రీలో అరవయ్యో వంతు). దాని పక్కన జరిగే చిన్న స్కేలు వెర్నియర్, దాని మీద 30 భాగాలు. 30ని 30తో భాగిస్తే ఒకటి. న్యూటన్ రింగ్స్‌లో (గాజుపలక మీద కటకం పెడితే కనిపించే కాంతి వలయాలు) మధ్యచుక్క నల్లగా ఎందుకుందో కూడా ఇట్లాగే కారణంతో సహా సిద్ధం చేసుకో. కింది గాజుపలక దగ్గర పరావర్తనంలో కాంతి దశ 180 డిగ్రీలు మారుతుంది, మధ్యలో గాలిపొర మందం దాదాపు సున్నా, అందుకే రెండు కిరణాలు ఒకదాన్నొకటి చెరిపేస్తాయి.

చదవడం కాదు, పైకి చెప్పాలి. ఈ తేడా చాలామంది పట్టించుకోరు. "డిఫ్రాక్షన్" అనే మాటను నీ నోటితో మొదటిసారి ఎక్స్‌టర్నల్ (బయటినుంచి వచ్చే ఎగ్జామినర్) ముందే పలికితే నాలుక తడబడక ఏం చేస్తుంది? గది తలుపేసుకుని మూడుసార్లు గట్టిగా చెప్పు. మొదటి వాక్యం ఒక్కటి ఎప్పుడూ ఖాయంగా ఉండాలి: "సార్, ఈ ప్రయోగంలో ఫలానాది కనుక్కుంటాం." ఊపిరి బిగబట్టినా గొంతు పట్టేస్తుంది. మాట్లాడే ముందు గాలి పూర్తిగా వదిలేసి మొదలుపెట్టు. తెలియని ప్రశ్నకు "తెలియదు సార్" అని వెంటనే అనేయ్. మౌనంగా నిలబడితే మొత్తం చదవలేదనుకుంటారు. వీలైతే ముందు వరసలో వెళ్ళు. చివరిదాకా ఆగితే భయమే పెరుగుతుంది.

కడప_ఇంగ్లీష్
జామ్ గురించి. నిమిషానికి సాఫీగా మాట్లాడితే వంద, నూటపాతిక మాటలు. అంటే పది పన్నెండు వాక్యాలు, అంతే. మొత్తం కంఠస్థం చెయ్యొద్దు. మధ్యలో ఒక్క మాట మర్చిపోతే బండి అక్కడే ఆగిపోతుంది. మొదటి వాక్యం, చివరి వాక్యం మాత్రం నోటికి రావాలి, నడుమ నాలుగు పాయింట్లు చిన్న కాగితం మీద.

టాపిక్ నీదే అంటే గ్లోబలైజేషన్ జోలికి పోకు. ఆదోని పత్తి మార్కెట్ గురించి చెప్పు. పత్తి బోరేలు (పెద్ద సంచులు) ఎట్లా వస్తాయి, తేమ ఎందుకు చూస్తారు, ధర ఎవరు కడతారు. కళ్ళకు కనిపించేది చెప్పేటప్పుడు ఇంగ్లీషు చిన్నచిన్న మాటల్లోనే వచ్చేస్తుంది. ఎక్కువమందికి వచ్చే చిక్కు వ్యాకరణం కాదు, తొందర. నిమిషం మాట్లాడాల్సింది ముప్ఫై అయిదు సెకన్లకే అయిపోతుంది. ఫోన్‌లో రికార్డు చేసి టైమ్ చూసుకో. నీ గొంతు నీకు వినబుద్ధి కాదు, అందరికీ అంతే.

బస్టాండ్_సర్కిల్
తమ్ముడూ, ఆ శనివారం బస్సు సంగతి ఎవరూ చెప్పలేదే. హాస్టల్లో స్నేహాలు కుదిరేది క్లాసులో కాదు, ఆదివారం పొద్దున ఉగ్గాని బజ్జీ లైన్లో, బట్టలుతికే కుళాయి దగ్గర. అప్పుడు నువ్వు ఊర్లో ఉంటే సోమవారానికి మళ్ళా కొత్తోడివే. రెండు వారాలకొకసారి పో, చాలు.

లెక్క కూడా చూస్కో. వారానికి ఆరు రోజులు, రోజుకు ఆరు పీరియడ్లు అనుకుంటే 36. ప్రతివారం సోమవారం క్లాసులు ఒక్కటే పోతే హాజరు 83 శాతం. శనివారం కూడా పోతే 67కి దిగుతుంది. జేఎన్టీయూఏ (అనంతపురం జేఎన్టీయూ) నిబంధనల్లో 75 శాతం ఉండాల. 65కీ 75కీ మధ్య ఉంటే మెడికల్ సర్టిఫికెట్, ఫీజు, కండోనేషన్ (హాజరు తక్కువైనా మన్నించడం) అని తిరగాల. 65 దిగితే ఆ సెమిస్టరే పాయె.

మాట కలపడానికి "ఎట్లున్నావు" అని పోవద్దు, ఆ తర్వాత ఏం మాట్లాడాలో తోచదు. పని అడుగు: "రేపటికి రికార్డులో ఎన్ని ఎక్స్‌పెరిమెంట్లు?" సంచిలో గ్రాఫ్ షీట్లు నాలుగు ఎక్కువ పెట్టుకో. ల్యాబ్ రోజు అడిగేటోడు ఖచ్చితంగా ఒకడుంటాడు. అట్లా ఇద్దరు చాలబ్బా, క్లాసంతా అక్కర్లా. బెంచీ మాత్రం రోజూ ఒకటే పట్టు, రెండో మూడో వరసలో.

ఎన్ఎస్ఎస్‌లో (జాతీయ సేవా పథకం) చేరు. రెండేళ్ళలో 240 గంటల సేవ, ఏడు రోజుల క్యాంపు. చేతికి పార ఇస్తే ఎవరూ నిన్ను మాట్లాడమనరు, పని నడుస్తుంటే మాటలు వాటంతట అవే వస్తాయి.

ఆదోని_ఫ్రెషర్
థాంక్స్ అందరికీ. మెంటర్ సార్‌ను కలవమని నోటీసు పెట్టారు. ఏం చెప్పాలో తెలియడం లేదు. ఇంకోటి, ఇది బిడియమేనా లేక వేరే ఏమైనానా అని ఇంట్లో అడుగుతున్నారు.

నర్సింగ్_అక్క
జనం ముందు ఇబ్బంది, ఒంటరిగా ఉంటే మామూలుగా ఉండటం: ఇది ఎక్కువగా బిడియమే. రెండు వారాలుగా నిద్ర పట్టకపోవడం, అన్నం సయించకపోవడం, ఇష్టమైనది కూడా చెయ్యబుద్ధి కాకపోవడం ఉంటే అది వేరే. అప్పుడు మానసిక ఆరోగ్యానికి ప్రభుత్వం పెట్టిన హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కి ఫోన్ చెయ్యి. ఉచితం, రాత్రీ పగలూ ఉంటారు, తెలుగులో మాట్లాడొచ్చు. ఎవరైనా ఏడిపిస్తున్నందుకు నోరు మూసుకుంటున్నావంటే మాత్రం అది ర్యాగింగ్. దానికి యూజీసీ (యూనివర్సిటీ గ్రాంట్స్ కమిషన్) హెల్ప్‌లైన్ 1800-180-5522.

మెంటర్ దగ్గరకు కాగితం తీసుకెళ్ళు. మూడే లైన్లు: ఏ సబ్జెక్టు అర్థం కావట్లేదు, హాజరు ఎంత ఉంది, వైవాలో గొంతు పట్టేస్తోంది. మాట రాకపోతే కాగితమే చేతికివ్వు. మధ్యాహ్నం భోజనం అయిన వెంటనే వెళ్తే స్టాఫ్ రూమ్‌లో జనం తక్కువ ఉంటారు.