తాతయ్య యాషికా-డి ఫిల్మ్ కెమెరా దొరికింది, వెలుగు కొలిచే మీటర్ లేదు. ఎక్స్‌పోజర్ (ఫిల్మ్ మీద ఎంత వెలుగు పడాలో) ఎలా లెక్కేసుకోవాలి?

గోదారిగట్టు:
తాతయ్య యాషికా-డి బీరువాలో దొరికింది. లెన్స్ శుభ్రంగా ఉంది, షట్టర్ పడుతోంది. హెచ్‌పీ5 400 అనే నలుపు-తెలుపు ఫిల్మ్ రోల్ కొన్నాను. రోల్‌కి 12 ఫొటోలే, ఒక్కటి పోయినా ప్రాణం ఉసూరుమంటుంది. ఫోన్లో మీటర్ యాప్ ఉందని తెలుసు, కానీ మా ఇంటి ఆల్బమ్ అంతా తాతయ్య కంటి అంచనాతోనే తీశారు, నాకూ అలా నేర్చుకోవాలనుంది. ముందు వసారాలో కూర్చున్న అమ్మమ్మని తీయాలి.

పాతరీలు:
నేల మీద మీ నీడ చూడండి. అంచు కత్తితో కోసినట్టుంటే ఎఫ్/16 (లెన్స్ రంధ్రం కొలత, అంకె తగ్గేకొద్దీ వెలుగు ఎక్కువ), షట్టర్ ఫిల్మ్ స్పీడుకి (మీ రోల్ మీది 400) దగ్గరిది, అంటే మీకు 1/500 సెకను. దీన్నే సన్నీ 16 అంటారు. నీడ ఉండి అంచు చెదిరితే ఎఫ్/11, నీడే పడకపోతే ఎఫ్/8, ముసురు పట్టిన రోజు ఎఫ్/5.6. రోల్ ఎక్కించేముందు ఓ వారం ఊరికే నీడలు చూస్తూ తిరగండి, ముందు మీ అంచనా పైకి చెప్పి ఆ తర్వాతే యాప్‌తో సరిచూసుకోండి, పైసా ఖర్చుండదు.

నల్లతెలుపు:
వసారాకి ఆ లెక్క నేరుగా పనికిరాదండీ. నా మొదటి రోల్లో నాన్న అరుగు మీద కూర్చుంటే నేను వాకిట్లో ఎండ చూసి తీశాను, వెనక కొబ్బరిచెట్టు చక్కగా వచ్చింది, నాన్న మొహం మాత్రం నల్లటి ముద్ద. మనిషి మీద పడే వెలుగే చూడాలి. చూరు కింద పగటిపూట 1/125, ఎఫ్/5.6తో మొదలుపెట్టండి, ఇంకా లోపలికుంటే ఎఫ్/4. అనుమానమొస్తే ఒక స్టాప్ (అంటే రెట్టింపు వెలుగు) ఎక్కువే ఇవ్వండి, నెగెటివ్ తట్టుకుంటుంది. తక్కువైతే నీడల్లో ఏమీ మిగలదు. స్లైడ్ ఫిల్మ్‌కి (నెగెటివ్ కాకుండా నేరుగా బొమ్మే వచ్చేదానికి) మాత్రం ఇలా చేయకండి, వెలుగు ఎక్కువైతే తెల్లబడిపోతుంది.

పాతరీలు:
ఇంకో మాట. ఫిల్మ్ లేకుండా వెనక మూత తీసి, ఒక సెకను నుంచి 1/15 దాకా అన్ని స్పీడులూ నొక్కి వినండి, గ్రీజు ఎండిపోయుంటే ఇవే ముందు ఇరుక్కుంటాయి. 1/500 కావాలంటే షట్టర్ కాక్ చేయకముందే (మీట లాగి సిద్ధం చేయకముందే) తిప్పండి. సెల్ఫ్ టైమర్ జోలికి అసలు వెళ్లకండి, ఇంత పాత షట్టర్లో అది మధ్యలో ఆగిపోతే మొత్తం విప్పాల్సిందే.

గోదారిగట్టు:
ఒక సెకను స్పీడు కాస్త సాగుతోంది, మిగతావి బాగానే పడుతున్నాయి. ఇవాళ సాయంత్రం నాలుగింటికి అమ్మమ్మ వసారాలో బియ్యం ఏరుతుంటే చూశాను, చేట మీద ఆవిడ చేతి నీడ లీలగా కనిపించింది. 1/125, ఎఫ్/4 అనుకున్నాను. యాప్ ఎఫ్/5.6 అంది. ఆ ఒక్క స్టాప్ ఎక్కువలోనే ఉంది కాబట్టి నా లెక్కే ఉంచేస్తున్నాను. రేపు అదే టైముకి రోల్ ఎక్కిస్తాను.